గాలి కారే చోటు

పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డు
సిరొంచ బస్టాండు ఎనక మిషన్ మీద కోయించిన.
టేపు పట్టింది నేనే, గీత గీసింది నేనే,
అందుకే ఓ మూల నూలుపోగంత వంకర.
ముప్పై రెండు స్క్రూలు, అర కిలో ఫెవికాలు,
మీద నల్ల రెగ్జిను, నడుమ పన్నెండించుల స్పీకరు.
బొలేరో ఎనక సీటు కింద ఇరికించి పాట పెడితే
డప్పు దరువు రావాల్సిన చోట
ముసలి పిల్లి చీదినట్టు
ఉస్స్… ఉస్స్…

అహేరి దాకా ఎక్కిన కాలేజీ పిల్లలు నవ్విన్రు.
"విలాసన్నా, టైరు పంచరైందేమో సూడు."

ఊదుబత్తి ముట్టించి
పెట్టె చుట్టూ తిప్పిన, దేవునికి తిప్పినట్టే.
పొగ నిటారుగ పోతది, పోతది,
ఎడమ మూల కాడికి రాంగనే
ఎవలో పిలిచినట్టు పక్కకు మర్లుతది.
దొరికిండు దొంగ అనుకొని
రెగ్జిను మీదనే సిలికాన్ ట్యూబంతా పిండిన.
మల్ల పాట పెడితే ఇంకో మూల ఉస్స్.

అప్పుడు యాదికొచ్చిండు ఓదెలు తాత,
పడవలకు సందులు పూడ్చేటోడు.
వంతెన లేని రోజుల్ల
ప్రాణహిత దాటిన పెండ్లిళ్లు, బర్రెలు, మిరప బస్తాలు
అన్నీ ఆయన బొటనవేలి మీద దాటినయే.
ఇప్పుడా వేలు బీడీలు నలుపుతది.

"దీన్ల ఎవలు కూసుంటరు?"
"ఎవలు కూసోరు తాతా, గాలి."
"బయటికి పోవద్దా, లోపలికి రావద్దా?"
"రెండూ వద్దు."
"నీళ్లు నయంరా. లోపలికొస్తే తడి చూపిస్తయి.
గాలి తొండిది. ఆనవాలు పెట్టదు."

నా సిలికానంతా ఉలి మొనతో గీకి పారేసిండు.
పైన పూసింది ముగ్గంట, మందు కాదంట.
స్పీకరు ఊడదీసి, ఆ గుండ్రటి నోట్లకెళ్లి
మోచేతి దాకా చెయ్యి పెట్టి
చూడకుంట, తడుముకుంట,
పాత ధోతి పీలికలు పేని
గుగ్గిలం కరిగిన నూనెల ముంచి
సందు సందుకు కుక్కుకుంట పోయిండు.
రంపం పొట్టు వజ్రంల కలిపి మూలలకు మెత్తిండు.
వైరు పోయే బెజ్జం నేను మరిచే పోయిన.
ఆయన వేలు మరువలే.
"రెండు దినాలు నీడల ఉంచు. ఎండల పెడితే చేసిందంతా దండుగ."

ఇంటెనక కట్టెల మోపు పక్కన
బోర్లేసిన ఆయన పడవ.
పలకకు పలకకు నడుమ వెలుగు కారుతున్నది.
అడుగుదామనుకున్న. అడగలే.

మూడో దినం
స్పీకరు మీద అరచేయి పెట్టి నొక్కిండు.
కోను లోపలికి పోయి
పనేం లేని మనిషి లేచినట్టు
నిమ్మళంగ పైకొచ్చింది.
"ఊపిరి పట్టింది" అన్నడు.
పాట పెట్టిన.
అటక మీది ఇత్తడి గిన్నెలు ఖంగుమన్నయి,
కోడిపెట్ట పిల్లల్నిడిసి గంప కిందికి ఉరికింది.

పైసలిస్తే ముట్టలే.
"వంతెన మీదికి తీస్కపో. పాట బంద్ జెయ్."
కట్టి ఇన్నేండ్లయినా
ఆయన ఒక్కసారి ఎక్కలేదని
అప్పుడే నాకు తెలిసింది.

రాత్రి తొమ్మిదైంది.
కింద ప్రాణహిత, ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ.
టైర్ల కింద ఎవలో లెక్కబెడుతున్నట్టు
టక్… టక్… టక్…
"ఏందిరా అది?"
"సందులు తాతా. ముక్కకు ముక్కకు నడుమ ఇడిసిపెడతరు.
ఎండకు ఉబ్బుతది గద, జాగ కావాలె."
"కావాలని ఇడిసిన్రా?"
"కావాలనే."

చానా సేపు ఏం మాట్లాడలే.
అవతలి దరి ముట్టి మర్లి వచ్చేటప్పుడు
కిటికీ అద్దం దించి
ఒక్కొక్క టక్కుకు
డోరు అంచు మీద బొటనవేలు ఒత్తుకుంట
కూసున్నడు.